పూనకం కాదక్కా

సోమసుందరపాళ్య, బెంగళూరు
8 జనవరి 2024, సోమవారం

అక్కయమ్మక్కకు చెల్లెలు శశికళ దండాలు పెట్టి రాస్తున్నది.

ఈ ఉత్తరాన్ని నువ్వు మల్బరీ ఆకు కోసుకొచ్చిన చేతులతోనే చించుతావని తెలుసు. ముందు చేతులు కడుక్కో. పోయిన ఉత్తరం సగం పసరు మరకల కింద పోయిందని నువ్వే రాశావు, తప్పు పోస్టుమాన్ మీద వేశావు.

నీ చెవులు పోయినప్పటి నుంచి ఫోన్లో నేను అరిచేది మా వీధి వీధంతా వింటోంది, నువ్వు ఒక్కదానివి తప్ప. మొన్న నీ మోకాలి నొప్పి గురించి అడిగితే కింది ఇంటి కన్నడావిడ వచ్చి తన మోకాలికి ఏ నూనె రాస్తుందో చెప్పిపోయింది. అందుకే మనకు కాగితమే మేలు.

సంగతేమంటే జిగణి ఫ్యాక్టరీలో మా లైను మూసేశారు. రెండు వారాలు ఖాళీగా ఉన్నాక హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక పెద్ద హోటల్లో పని దొరికింది. ఆడవాళ్ళ గది చూసుకోవాలి. అద్దాలు తుడవడం, సబ్బూ తువ్వాళ్ళూ అందించడం, ఎవరైనా చెవికమ్మ మరిచిపోతే దాచి ఇవ్వడం. నీడపట్టున పని. తలుపు దగ్గర కాపలా ఉండే ఓబులేషు మన కళ్యాణదుర్గం వైపు మనిషే. ఆరడుగులుంటాడు, బల్లిని చూస్తే మాత్రం నన్ను పిలుస్తాడు.

నిన్ను ఒకటి అడగాలి. ఇక్కడ శని, ఆదివారాల్లో మధ్యాహ్నం నుంచే పెద్ద హాల్లో పాటలు పెట్టి ఆడతారు. ఆ మోతకు గోడలు అదురుతాయి. ఆడీ ఆడీ కొందరు ఆడపిల్లలు నా గదిలోకి వస్తారు. వాళ్ళ వాలకం నాకు అంతుపట్టడం లేదు. కళ్ళు ఇంతింత చేసుకుని ఉంటారు. పళ్ళు పటపట కొరుకుతారు. ఒళ్ళు పెనంలా కాలుతుంటుంది. తాగినవాళ్ళా అంటే, తాగినవాళ్ళు నాకు తెలియనివాళ్ళా? నాయనను చూశాం, మీ మరిదిని చూశాను. వీధి మలుపులోనే వాసన వచ్చేది. వీళ్ళ దగ్గర ఆ వాసనే లేదు. పైగా ప్రేమ ఎక్కువ. మొన్న ఒక పిల్ల నా నైలాన్ చీర కొంగు పట్టుకుని పావుగంట నిమిరింది. ఇంత మెత్తటి బట్ట లోకంలో లేదంది. ఇంకొకతె నన్ను కావలించుకుని, "ఆంటీ, మీరంటే నాకెంత ఇష్టమో మీకు తెలీదు" అని ఏడ్చింది. నా పేరు కూడా తెలియదు ఆ పిల్లకు.

అవ్వ కాలం నుంచి గంగమ్మ జాతరలో పూనకం వచ్చిన ఆడవాళ్ళను పట్టుకునేది నువ్వే కదా. ఇది అదేనా? అయితే నేనేం చేయాలి? ఆదివారం లోపల రాయి.

నీ చెల్లెలు,
శశి

*

బూదిపల్లి, మడకశిర దగ్గర
19 జనవరి 2024

శశికి దీవెనలు.

చేతులు కడుక్కునే చించాను. కాకపోతే తుడుచుకోలేదు.

పట్టుపురుగులు మూడోసారి పొర విడిచి జ్వరం నుంచి లేచాయి. ఇప్పుడు పగలూ రాత్రీ తింటాయి, మనకు తిండి తినే తీరిక ఉండదు. అయినా నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కళ్ళు పెద్దవి కావడం, పళ్ళు కొరకడం, ఒళ్ళు కాలడం, పరాయివాళ్ళను కావలించుకుని ఏడవడం, ఇది పూనకం కాక మరేమిటి? బెంగళూరులో అమ్మవారు లేదనుకున్నావా? మోత ఎక్కడుంటే ఆమె అక్కడ ఉంటుంది.

అవ్వ నాకు చెప్పింది నీకు చెబుతున్నాను, జాగ్రత్తగా విను. పూనిన మనిషిని గుంపులోంచి బయటికి తీసుకురా, చల్లని చోట కూర్చోబెట్టు. నువ్వెవరు, ఎందుకొచ్చావు అని ప్రశ్నలు వేయకు. జడ బిగుతుగా ఉంటే విప్పు. వేపమండతో విసురు. నీళ్ళు గటగటా తాగించకు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ గుక్క తర్వాత గుక్క ఇవ్వు. పక్కనే కూర్చుని లోపల లోపల ఏడుగురు అక్కదేవతల పేర్లు అనుకుంటూ ఉండు. మారెమ్మ, గంగమ్మ, ఎల్లమ్మ, సుంకలమ్మ, అంకాలమ్మ, చౌడమ్మ, పెద్దమ్మ. వరస తప్పకూడదు.

పూనకం దిగినాక నిద్ర వస్తుంది. అప్పుడు మాత్రం లేపకు. తలుపు గడియ పెట్టి పడుకోనీ. ఆ నిద్ర అమ్మవారిది. జ్వరానికి పడుకున్న పట్టుపురుగును కదిలిస్తే గూడు కట్టదు చూడు, ఇదీ అంతే.

ఇంకొక మాట. పెద్ద హోటల్ అన్నావు. అక్కడ మందు పోయరు కదా? నాయన పోయిన నాడు నేను పెట్టుకున్న ఒట్టు నీకు తెలుసు. మందు పోసే ఇంట్లో నా తోడబుట్టినది నిలబడితే నాకు తోడబుట్టినదే లేదని గంగమ్మ గడప తాకి చెప్పాను. మీ ఆయన తాగి పోయాక ఆ ఒట్టు ఇంకా గట్టిపడిందే గాని తగ్గలేదు. నువ్వు అలాంటి చోటికి పోవని తెలుసు. ఊరికే అడిగాను.

బస్సు కండక్టరు చేత వేపమండలు పంపుతున్నాను. మీ బెంగళూరు వేపకు చేదు చాలదు.

అక్క
అక్కయమ్మ

*

సోమసుందరపాళ్య
29 జనవరి 2024

అక్కకు,

వేపమండలు అందాయి. బస్సులో పక్కనున్నవాళ్ళు కండక్టరును ఎవరికి అమ్మవారు పోసిందని అడిగారట. మెజెస్టిక్ వచ్చేదాకా ఆయన పక్క సీటు ఖాళీగానే ఉందట.

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. అద్దాల గదికి ముందు చిన్న గది ఉంది, అందులో ఒక సోఫా. కిటికీ తెరిచి, వేపమండ పట్టుకుని కూర్చున్నాను. మొదట నవ్వారు. తర్వాత ఒకతె వచ్చి, విసిరితే ప్రాణం లేచొచ్చింది ఆంటీ అంది. ఇంకొకతె మజ్జిగ తాగి, ఇది ఏ కంపెనీది అని అడిగింది. ఈ ఆదివారం నా గది ముందు వరస కట్టారు. నాకు పేరు కూడా పెట్టారు, వేపాకు ఆంటీ. ఓబులేషయితే, "అక్కా, నువ్వు ఈడ గుడి కట్టిస్తాండావు, నన్ను పూజారిని చెయ్" అన్నాడు.

దివ్య అని ఒక పిల్ల ఉంది. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ పని, కదిరి వాళ్ళ అమ్మాయి. నా చీర నిమిరింది ఆమే. చలికి కప్పుకోమని నా శాలువా ఇస్తే బుధవారం తిరిగి ఇవ్వడానికి వచ్చింది. ఆదివారం లోకాన్నంతా కావలించుకున్న పిల్ల బుధవారం ముఖం వేలాడేసుకుని ఉంది. ఏమీ జరగలేదట, ఊరికే ఏడుపొస్తుందట, ప్రతిసారీ ఆ తర్వాత రెండు మూడు రోజులు ఇంతేనట. అన్నం తిన్నావా అంటే దానికీ ఏడ్చింది. నాకు జాలేసింది అక్కా. నాకు బిడ్డలుంటే ఈ వయసే కదా.

మందు గురించి అడిగావు. హోటల్లో ఏముంటాయి, ఇడ్లీలు, దోసెలు.

నీ చెల్లెలు,
శశి

*

బూదిపల్లి
6 ఫిబ్రవరి 2024

శశికి,

నీ ఉత్తరం పట్టుకుని పూజారి ఆవులప్ప దగ్గరికి పోయాను. ఆయన చాలాసేపు ఆలోచించి, పూనకం దిగినాక మూడు రోజులు ఏడుపు ఆగలేదంటే అమ్మవారికి ఏదో మొక్కు బాకీ ఉందన్నాడు. నాకూ అదే తోచింది. అంతమంది ఆడపిల్లల మీదికి వస్తోందంటే ఆమెకు అక్కడ ఒక పూజ లేదు, ఒక జ్యోతి లేదు. ఎవరో ఆమె స్థలంలో మీ హోటల్ కట్టి ఉంటారు.

కాబట్టి నేనొక నిర్ణయానికి వచ్చాను. ఫిబ్రవరి 25 ఆదివారం మేం నలుగురం ఆడవాళ్ళం వస్తున్నాం. పిండి జ్యోతులకు బియ్యం నానబోసి దంచాం. మీ యజమానికి చెప్పి హాలు మధ్యలో చోటు ఇప్పించు. ఆ పాటలు ఒక గంట ఆపమను. ఆపకపోయినా ఫర్వాలేదు, నాకు వినపడవు.

మీ ఇడ్లీలు మెత్తగా ఉంటాయా? మాలో ఇద్దరికి పళ్ళు లేవు.

అక్క
అక్కయమ్మ

*

సోమసుందరపాళ్య
12 ఫిబ్రవరి 2024

అక్కా,

నీ కాళ్ళకు దండం, రావద్దు. యజమాని ఒప్పుకోడు. ఇది అలాంటి చోటు కాదు. బయటివాళ్ళను రానివ్వరు, చెప్పులూ బట్టలూ చూసి మరీ లోపలికి పంపుతారు. ఎందుకో తర్వాత రాస్తాను. జ్యోతులు మన గంగమ్మకే వెలిగించు.

శశి

*

బూదిపల్లి
16 ఫిబ్రవరి 2024

శశికళకు,

చెప్పులూ బట్టలూ చూస్తారని రాశావు. సరే. నాకు రబ్బరు చెప్పులే ఉన్నాయి. నా చీరకు పసరు మరకలున్నాయి. చెవులు వినపడవు. నలుగురిలో నన్ను అక్క అని చెప్పుకోవడానికి నీకు నామోషీ అయితే ఆ మాటే రాయవచ్చు, అమ్మవారి మీద పెట్టనక్కరలేదు. నిన్ను చంకనేసుకుని ఆకు కోసినదాన్ని నేను.

దంచిన పిండి దంచినట్టే ఉంది.

అక్కయమ్మ

*

సోమసుందరపాళ్య
20 ఫిబ్రవరి 2024, మంగళవారం

అక్కా,

నీ కోపం ఉత్తరం ఈ పొద్దున వచ్చింది. నామోషీ నీ గురించి కాదు, నా గురించి. అంతా రాస్తాను. మధ్యలో మడిచి పెట్టకుండా చివరిదాకా చదువు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు దివ్య వచ్చింది. ఎప్పటిలా లేదు. ఒళ్ళు కాలడం లేదు, కళ్ళు పెద్దవిగా లేవు. కాళ్ళు తేలిపోతున్నాయి, మాట ముద్దముద్దగా వస్తోంది, నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు మూసుకుంటోంది. వెంట వచ్చిన స్నేహితురాలు, ఈ రోజు ఎవరో చిన్న సీసాలోంచి గ్లాసులో చుక్కలు వేశారని చెప్పి, పాట వినిపించగానే వెళ్ళిపోయింది. నాకు నీ మాట గుర్తొచ్చింది, పూనకం దిగినాక నిద్ర వస్తుంది, లేపకు. సోఫా మీద వెల్లకిలా పడుకోబెట్టాను. శాలువా కప్పాను. లోపలి నుంచి గడియ పెట్టాను. పక్కన కూర్చుని విసురుతూ పేర్లు అనుకోవడం మొదలుపెట్టాను.

మొదట గురక పెట్టింది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ నడుమ మారెమ్మ, గంగమ్మ, ఎల్లమ్మ వరకే వచ్చేది. కాసేపటికి చౌడమ్మ దాకా వచ్చింది. అమ్మవారు శాంతిస్తోందని సంబరపడ్డాను అక్కా. ఆ తర్వాత పెద్దమ్మ అయిపోయి మళ్ళీ మారెమ్మ దగ్గరికి వచ్చాను. ఏడు పేర్లూ రెండు విడతలు అయ్యాయి. ఊపిరి రాలేదు. మూడో విడతలో ఎక్కడో గరగరమని ఒకటి వచ్చింది. పెదవులు చూస్తే నేరేడుపండు తిన్నట్టున్నాయి.

నువ్వు లేపవద్దన్నావు. నీ ఉత్తరం నా నడుముకు కట్టుకున్న సంచిలోనే ఉంది. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, అమ్మవారి కోపమా ఈ పిల్ల ప్రాణమా అని ఆలోచించాను. తర్వాత చెంప మీద కొట్టాను. గిచ్చాను. పేరు పెట్టి అరిచాను. లేవలేదు. గొంతులో ఏదో గుడగుడమంటే, పాలు కక్కే చంటిపిల్లను తిప్పినట్టు పక్కకు ఒరిగించాను, వాంతి బయటికి వచ్చింది. వెల్లకిలానే ఉంచి ఉంటే అది లోపలికి పోయేదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

గడియ తీసి ఓబులేషును పిలిచాను. మేనేజరు కూడా వచ్చాడు. ఆయన ఏమన్నాడో తెలుసా? "పడుకోనీ ఆంటీ, లేపొద్దు. అంబులెన్స్ వస్తే వెనకాలే పోలీసులు వస్తారు." నీ మాటే అక్కా. నువ్వు భక్తితో చెప్పిన మాట, ఆయన భయంతో చెప్పాడు. మాట ఒకటే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను ఏదో అనేలోపలే బల్లికి భయపడే ఓబులేషు ఫోను తీసి నూట ఎనిమిదికి కొట్టాడు. "నా పని పోతే పోనీలే సార్, ఈ పాప ఊపిరి పోతాండాది" అన్నాడు.

అంబులెన్సులో ఆమె చెయ్యి వదలలేదు. ఆసుపత్రిలో సుమ అనే డాక్టరమ్మ, తెలుగావిడే, ఏం తీసుకుందో ఉన్నదున్నట్టు చెప్పు, నేను పోలీసును కాదు అంది. చుక్కల సంగతి చెప్పాను, మందు మీద తాగిందనీ చెప్పాను. ఆ ఒక్క ముక్క తెలియడంతో చాలా సమయం కలిసొచ్చిందంది. గొట్టం పెట్టి ఊపిరి ఆడించారు. సాయంత్రం ఆరింటికి దివ్య కళ్ళు తెరిచింది. మొదట అడిగింది తన చెప్పుల గురించి. నేను ఆసుపత్రి నడవాలో కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు అసలు మాట. అది ఇడ్లీల హోటల్ కాదు. పబ్ అంటారు. మందు పోస్తారు. మొదటి రోజు నుంచీ తెలిసే పోయాను. రెండు వారాలు ఖాళీగా కూర్చున్నాక వేరే దారి కనపడలేదు. నీకు అబద్ధం చెప్పాను. నీ ఒట్టుకు భయపడి చెప్పాను.

పూనకం కాదక్కా. దేవత ఎవరూ రాలేదు. వచ్చింది మాత్ర. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. కళ్ళు పెద్దవి చేసి, పళ్ళు కొరికించి, అందరి మీదా ప్రేమ పుట్టించేది ఒక మాత్రట. ఎం.డి.ఎం.ఎ. అంటారు, పిల్లలు ముద్దుపేర్లు చాలా పెట్టుకున్నారు. అది ఒంట్లో వేడి పెంచుతుంది, గుండెను పరిగెత్తిస్తుంది, అలసట తెలియనివ్వదు. గంటలకొద్దీ ఎగిరితే ఒళ్ళు లోపల ఉడికి ప్రాణం మీదికి వస్తుందట. అలాగని బాటిళ్ళకు బాటిళ్ళు నీళ్ళు తాగితే రక్తంలో ఉప్పు పల్చబడి మూర్ఛలు వస్తాయట. బుధవారం ఏడుపు అదే, ఆదివారం సంతోషమంతా ముందే ఖర్చుపెట్టేసినందుకు. మాత్రలో నిజంగా ఏం కలిపారో అమ్మినవాడికీ తెలియదట. ఇంకొకటి పొడి, కెటమిన్. ఆపరేషన్లలో మత్తుకు డాక్టర్లు వాడేది. దాన్ని పీలిస్తే కాళ్ళూ చేతులూ తమవి కానట్టుంటుంది, దెబ్బ తగిలినా తెలియదు. అలవాటైతే మూత్రాశయం పాడై పాతికేళ్ళకే ముసలివాళ్ళలా గంటకోసారి పరిగెత్తాలి. మూడోది ఆ చుక్కలు, జీహెచ్‌బీ. రంగుండదు. మందుతో కలిస్తే ఊపిరినే మరిచిపోయేలా చేస్తుంది. ఎవరి గ్లాసులోనైనా వాళ్ళకు తెలియకుండా వేసేవాళ్ళూ ఉన్నారట. ఆ నిద్ర నిద్ర కాదు, లేపాలి, లేవకపోతే పక్కకు తిప్పి అంబులెన్సును పిలవాలి, ఒక్క నిమిషం కూడా వదిలిపెట్టకూడదు అంది.

నీ చల్లగాలి, నీ ఉప్పు మజ్జిగ, ప్రశ్నలు అడగవద్దన్న మాట, ఇవన్నీ డాక్టరమ్మకు నచ్చాయి. ఎవరు నేర్పారని అడిగింది. మా అక్క అన్నాను. గడియ సంగతి చెబితే మాత్రం తల పట్టుకుంది.

నీ మాట విని నేను ఆ పిల్లను చంపబోయాను అక్కా. ఇది రాయకుండా ఉండలేను. నీ పేర్ల వల్లే బతికించాను, అదీ నిజమే. నీ మీద కోపం ఎంత పడాలో, దండం ఎన్నిసార్లు పెట్టాలో తేల్చుకోలేక రెండు రోజులుగా తిరుగుతున్నాను.

మేనేజరు నన్ను రావద్దన్నాడు. నీ ఒట్టు ప్రకారం నేనిప్పుడు నీకేమీ కాను. అయినా అలవాటు కొద్దీ అక్కా అనే రాశాను.

శశి

*

సోమసుందరపాళ్య
4 మార్చి 2024

అక్కా,

నీ నుంచి ఉత్తరం లేదు. రోజూ పోస్టుమాన్‌ను చూస్తున్నాను, ఆయన దారి మార్చుకుని తిరుగుతున్నాడు. అయినా రాస్తున్నాను.

పని మళ్ళీ దొరికింది. పోయిన ఆదివారం దివ్య స్నేహితులు ఇరవై మంది తలుపు దగ్గర నిలబడి, వేపాకు ఆంటీ లేకపోతే లోపలికి రామన్నారట. మేనేజరు తనే ఆటో ఎక్కి మా ఇంటికి వచ్చాడు. నేను అడిగినవి అడిగినట్టు ఒప్పుకున్నాకే చెప్పులేసుకున్నాను. నా గదికి ఇప్పుడు గడియ లేదు, పీకించేశాను. సోఫా అందరికీ కనపడే చోటికి వచ్చింది. ఆసుపత్రి నంబరు, నూట ఎనిమిది, అద్దం మీద పెద్ద అక్షరాలతో అతికించాను. ఎవరికి ఏం జరిగినా ఫోను చేసేది నేను, ఎవర్నీ అడగను. ఓబులేషు పని కూడా నిలబడింది. వాడికి ఏడు పేర్లు నేర్పబోతే, వాళ్ళ ఊరి ఏడుగురు వేరట, ముత్యాలమ్మ లేకుండా లెక్క ఏమిటని నాతో తగువు పెట్టుకున్నాడు. చివరికి వాడి పేర్లు వాడివి, నావి నావి.

దివ్య వాళ్ళ అమ్మను తీసుకుని వచ్చింది. ఆమె నా చేతులు పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. దివ్య ఇక వాటి జోలికి పోనంది. నేను నమ్మలేదు. నమ్మలేదని ఆ పిల్లతోనే చెప్పి, ఎప్పుడైనా ఏదైనా తీసుకుంటే ముందు నాకు చెప్పమన్నాను. సరేనంది. మొన్న బుధవారం వచ్చి కూర్చుంది, రెండు గ్లాసుల మజ్జిగ తాగింది, ఏడవలేదు.

నువ్వు ఒక్క ముక్క రాసినా చాలు. తిడుతూ రాసినా ఫర్వాలేదు.

శశి

*

బూదిపల్లి
10 మార్చి 2024

శశీ,

నీ పెద్ద ఉత్తరాన్ని "మందు పోస్తారు" అన్న చోటి దాకా చదివి మడిచి పెట్టాను. మడిచి పెట్టవద్దని నువ్వు రాసినా మడిచాను. ఆ రోజంతా పురుగులకు ఆకు వేశాను. రెండు రోజుల తర్వాత మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఆ తర్వాత ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదో చెబుతాను. ఇది అమ్మకు కూడా చెప్పలేదు.

నాయన సారాయి తాగి చచ్చిపోయాడని నీకు తెలుసు. ఎలా పోయాడో తెలియదు, నీకు ఆరేళ్ళు. ఆ రోజు పొద్దుగూకక ముందే వచ్చి నడింట్లో వెల్లకిలా పడ్డాడు. పెద్ద గురక. అవ్వ లేపబోయింది. నేనే వద్దన్నాను. లేస్తే కొడతాడు కదా. తలుపు గడియ పెట్టి, నిన్ను తీసుకుని పెరట్లోకి వచ్చి కూర్చున్నాను. కాసేపటికి గురక తగ్గింది. తర్వాత ఆగింది. ఆగితే, హమ్మయ్య అనుకున్నాను శశీ. నీకు జడ వేశాను.

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. సారాయి చంపింది, సారాయే చంపింది అని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పాను, గంగమ్మ గడప తాకి ఒట్టు పెట్టుకున్నాను. పక్కన ఎవరైనా కూర్చుని ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన రాకుండా ఉండడానికే ఆ ఒట్టు అని నీ ఉత్తరం చదివాక తెలిసింది. నీ ఏడు పేర్ల దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు కనపడలేదు. ఈసారి మరకలు పసరువి కావు.

నువ్వు గడియ తీశావు. నేను తీయలేదు. అంతే.

ఆ ఒట్టు వెనక్కి తీసుకున్నాను. ఆవులప్ప దగ్గరికి పోయి గడప మళ్ళీ తాకి వచ్చాను. ఈ వైశాఖం జాతరలో పూనకం దిగి పడుకున్న ప్రతి ఆడదాన్నీ పక్కకు ఒరిగించి, ఒక్కొక్కరి దగ్గర ఒక మనిషిని కూర్చోబెడతానని కూడా చెప్పాను. "అమ్మవారి నిద్రను చెడగొడతావా?" అని కాగితం మీద రాసి మరీ అడిగాడు. "అమ్మవారు పడుకున్నా ఊపిరి తీసుకుంటాది గదప్పా, నేను లెక్కపెడతాండా, అంతే" అన్నాను. ఆయన ఆ కాగితం మడిచి నడుముకు దోపుకున్నాడు.

దంచిన పిండికి పురుగు పట్టేలా ఉంది. మార్చి 17 ఆదివారం నేనొక్కదాన్నే వస్తున్నాను, మిగతా ముగ్గురూ రారు, వాళ్ళలో ఇద్దరికి పళ్ళు లేని సంగతి నీకు తెలుసు, మీ పబ్‌లో ఇడ్లీలు లేవు కదా. జ్యోతి హాల్లో పెట్టను, భయపడకు. అది ఆ డాక్టరమ్మకూ ఓబులేషుకూ తినడానికి, బెల్లం ఎక్కువేశాను. రబ్బరు చెప్పులతోనే వస్తాను. తలుపు దగ్గర ఎవరైనా అడ్డగిస్తే వేపాకు ఆంటీకి అక్కనని చెబుతాను.

నీ సోఫా పక్కన నాకొక కుర్చీ వెయ్యి. ఆ మోతలో పిల్లల ఊపిరి నీకు సరిగ్గా వినపడదని నాకు అనుమానం. నాకు ఆ బాధ లేదు. నేను ఎటూ వినను, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను.

నీ అక్క,
అక్కయమ్మ